ఖాళీ లేని చోట

"'మందు లోనే ఉంది.' అంతే కదా మాస్టారూ ఇందులో రాసింది?" అంది సూర్యకళ. "బీరువా అంతా ఎతికీసినాను. లోన ఏ మందూ లేదు."

శ్రీరామ్మూర్తి కాగితాన్ని కిటికీ వెలుగులోకి తిప్పాడు. ఆమె మామగారు పైడయ్య చేతిరాతే. కంప్యూటర్లొచ్చి ప్రెస్సు మూతపడేదాకా పాతికేళ్ళు సీసపు అక్షరాలు పేర్చిన మనిషి. మూడేళ్ళ కిందట గొంతు ఆపరేషన్‌తో మాట పోయింది. అప్పట్నుంచీ ఏం చెప్పాలన్నా కాగితమే.

"నీకెప్పుడిచ్చాడమ్మా?"

"పొద్దున్న. మీ పేరున్న పాత పుస్తకంలో ఎట్టి, మీకిచ్చీమని సైగ సేసినాడు. మావ రాసిన కాయితాలన్నీ మా ఆయన సదివినాకే నాకిత్తాడు. దీన్ని కూడా పైకి సదివి, నవ్వి, మళ్ళీ పుస్తకంలో ఎట్టీసినాడు."

కూర్మన్నపాలెం నుంచి సీతమ్మధారకి రెండు బస్సులు మారి వచ్చిందామె. కుర్చీ చేతిని పట్టుకుని ఇంకా ఆయాసపడుతోంది. మామగారి చాకిరీతో బాగా చిక్కిపోయింది పాపం, అనుకున్నాడు శ్రీరామ్మూర్తి.

ఆ ఒక్క వాక్యాన్నీ మళ్ళీ చదివాడు.

"మీ ఆయన తప్పు చదివాడమ్మా. ఇటు చూడు. మందుకీ లోనేకీ మధ్య ఖాళీ లేదు. ఉన్న ఖాళీ లోనే తర్వాతే."

"అయితే ఏటి?"

"మీ మామ మాటకీ మాటకీ మధ్య ఖాళీని వేళ్ళతో పేర్చి బతికినవాడు. ఊరికే వదలడు, ఊరికే కలపడు. ఇది మందు, లోనే ఉంది అని కాదు. మందులోనే, ఉంది."

"ఏటుంది?"

"అదే రాయలేదు. ఉంది అన్నాడు, ఏముందో అనలేదు. కర్తని దాచేశాడు. మధ్యలో చదివేవాడికి అనుమానం రాకూడదని."

గదిలో మూడో మనిషెవరో నిలబడి వింటున్నట్టనిపించింది. శ్రీరామ్మూర్తి లేచి కిటికీ రెక్క మూశాడు. గొంతు తగ్గించి అడిగాడు.

"ఆ మందు ఎవరు తెస్తారు?"

"మా ఆయనే. డ్యూటీ దిగి వత్తా తెత్తాడు."

"కలిపేది?"

"ఆయనే. పొద్దున్నే పాలల్లో కలిపి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా పక్కనే నిలబడతాడు. మావ కళ్ళు ఆయన సేతుల మీదే ఉంటాయి."

"ఎన్నాళ్ళుగా?"

"రెణ్ణెల్లయింది."

"ఇవాళ కూడానా?"

"ఇయ్యాల కూడా అయిపోనాది."

శ్రీరామ్మూర్తి కాగితాన్ని బల్ల మీద పెట్టాడు. తన ఒళ్ళో కూర్చుని ఓనమాలు దిద్దిన పైడయ్య కొడుకు ఉమామహేషేనా!

"కన్నతండ్రికి చేసే పనా ఇది? అమ్మా, నా మాట విను. రేపట్నుంచి మీ మామగారిని ఆ పాలు తాగనివ్వకు. ఆ మందు సీసా ఎలాగైనా నాకు పట్రా. పోలీసులకి నేను చెబుతాను."

సూర్యకళ కాగితం మీదికి వంగి, చూపుడు వేలితో ఒక్కొక్క అక్షరాన్నీ తడుముకుంటూ పోయింది. ఖాళీ ఉన్న చోట వేలు ఆగింది. తలెత్తింది.

"ఆ మందు తాగతన్నది మావ కాదు మాస్టారూ, నాను."