నాలుగో పెట్టెలో స్విచ్చి

గుట్ట మీది ట్యాంకు మళ్ళీ కంప్యూటరు తెర మీంచి మాయమైంది. నీటి పథకం ఆఫీసులో మోహితే సాహెబ్ దాని చోట వెలిగిన ఎర్ర గడి వంక చూశాడు, తర్వాత ఊర్మిల వంక చూశాడు. ఊళ్ళోని పంపుల్నీ వాల్వుల్నీ ఒకే తీగతో ఆఫీసు కంప్యూటరుకు కలిపే పని ఆమెది.

"సాయంత్రానికి అది పచ్చబడాలి. లేకపోతే నీ సంచీ సర్దుకో."

సంచీ సంగతికి ఆమె భయపడలేదు. బయట మెట్ల మీద ఖాళీ బిందెలతో కూర్చున్న ఆడవాళ్ళను దాటి వెళ్ళాలంటేనే ప్రాణం చచ్చిపోతోంది. మరాఠ్వాడాలో మే నెల మరి. వాళ్ళలో ఊరందరికీ పిన్నిలాంటి ద్వారకా మావశీ కూడా ఉంది. ఊర్మిల అద్దెకుండేది ఆవిడ ఇంట్లోనే. ట్యాంకరు దగ్గర కొట్లాడి తెచ్చుకున్న నీళ్ళలోంచి ఒక బిందె ఈ పిల్ల స్నానానికి పక్కన పెట్టే మనిషి.

"ఏం పోరీ, నీ తీగలోంచి నీళ్ళెప్పుడు కారతాయే?" అంది మావశీ. అందరూ నవ్వారు. ఆ నవ్వులో కోపం లేదు. అందుకే ఊర్మిలకు మరింత బాధేసింది.

తీగ వెంబడే గుట్టెక్కుతూ ఒక్కో పెట్టె తెరిచి చూసింది. నాలుగోదాంట్లో తప్పు దొరికింది. లోపలుండే చిన్న స్విచ్చి తీగ చిట్టచివరి పెట్టెలో మాత్రమే వేసి ఉండాలి. నడిమి పెట్టెలో వేస్తే అక్కణ్ణుంచి పైనున్నవన్నీ మూగబోతాయి. మొన్నా ఇదే, అటుమొన్నా ఇదే. దానంతటది పడే స్విచ్చి కాదది. తాళంచెవి ఆమె దగ్గర కాక ఇంకొక్కడి దగ్గరే ఉంది, వాల్వు మనిషి సోపాన్ కాకా దగ్గర.

కాకా ట్యాంకు నీడలో కూర్చుని అరచేతిలో పొగాకూ సున్నమూ నలుపుతున్నాడు. ఎవరు తిప్పారని అడిగితే చెయ్యి తగిలిందేమోనన్నాడు. తాళమేసిన పెట్టెలోకి చెయ్యెలా వెళ్ళిందని నిలదీస్తే ఇంకో చిటికెడు సున్నం కలుపుకున్నాడు.

ఊర్మిలకు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ చేత్తో వాల్వు తిప్పినవాడు. ఇక ఆఫీసులో మీట నొక్కితే తిరుగుతుందంటే తన గతేమిటని భయం. ఆ మాత్రం ఆమెకు తెలియక కాదు.

"ఊరంతా నోరెండి చస్తుంటే నీకు నీ నౌకరీ ముఖ్యమా కాకా?"

ఆయన పొగాకు పెదవి కింద పెట్టుకున్నాడు.

ఆమె నాలుగో పెట్టె దాకా దిగివెళ్ళి స్విచ్చి ఆపేసింది. పెట్టెకు కొత్త తాళం వేసి ఫోను చేసింది. పచ్చబడిందన్నాడు సాహెబ్. ఆయన అక్కడ మీట నొక్కగానే గుట్ట మీద మోటారు మూలిగి వాల్వు తెరుచుకుంది. ఫోనులో చప్పట్లు, పేడా మిఠాయిలు తెమ్మని కేకలు. పథకం మొదలైందని జిల్లా ఆఫీసుకు అప్పుడే కబురు చేసేశాడట.

వెంటనే మావశీకి ఫోను చేసింది. కుళాయి బుస్సుమంటోంది, అంతా గాలేనంది మావశీ. ముందు గాలే వస్తుంది, బిందె తీయకు అని చెబుతుంటే ఊర్మిలకు సంతోషంతో కళ్ళు తడిశాయి.

ఎంతసేపైనా గాలే వస్తోంది. అప్పుడు అనుమానమొచ్చి మళ్ళీ పైకెళ్ళి ట్యాంకు నిచ్చెనెక్కి మూత ఎత్తింది. అడుగున ఎండిన బురద, పావురాల ఈకలు. నీటిమట్టం చూపే మీటరు రెండో విడత పనిలోకి తోసేశారు. అందుకని తెరకు వాల్వు తెలుసు, నీళ్ళు తెలియవు.

"నీళ్ళే లేవు కాకా."

"హోళీ నుంచీ లేవు. కింద బావే ఎండిపోయింది. సాహెబ్‌కి చెబితే ముందు తీగ సంగతి తేలనీ, నీళ్ళ సంగతి తర్వాత అన్నాడు. నువ్వూ ఆయన మనిషివేగా, నీకేం చెప్పను?"

ఆమె నిచ్చెన పట్టుకుని కిందికి చూసింది. ఊరి మొదట్లో ట్యాంకరు ఆగి ఉంది. డ్రైవరు ఫోనులో ఏదో విని, బండి తిప్పి, నిండు నీళ్ళతో వచ్చిన దారినే పోతున్నాడు. వెనకాల బిందెలతో ఆడవాళ్ళు పరుగెడుతున్నారు.

"ట్యాంకరు వెనక్కెందుకు పోతోంది కాకా?"

"పథకం మొదలైన రోజు నుంచీ ఊరికి ట్యాంకర్లు బందని ఆర్డరుంది తాయి. అందుకే కదా నేను ఆ స్విచ్చి తిప్పుతూ వచ్చింది."