పన్నెండో సంతకం

నాలుగు దాటితే కర్ఫ్యూ. తెల్లారితే అమ్మాన్ బస్సు, అక్కణ్ణుంచి ఇండియా విమానం. ఈలోపు ఇంకా రెండు సంతకాలు కావాలి.

క్రిస్టీనా టీచర్ రిజిస్టరు చంకలో పెట్టుకుని ఫహాహీల్ వీధుల్లో గబగబా నడుస్తోంది. వెనకాలే బడి వాచ్‌మన్ పుల్లయ్య. ఇరాకీ సైన్యం కువైట్‌లోకి వచ్చి నెల దాటింది. కొట్ల షట్టర్లు విరిగి వేలాడుతున్నాయి. ఇళ్లలో మనుషులున్నారో లేదో బయటికి తెలియడం లేదు.

వాళ్ల బడిలో ఒక ప్రత్యేక తరగతి ఉంది. తెలివైన పిల్లల్ని పరీక్ష పెట్టి ఏరి, పన్నెండు మందిని కూర్చోబెట్టిన తరగతి. ఇండియా సర్కారు దానికి గుర్తింపు ఇస్తూ బోలెడు షరతులు పెట్టింది. ఎంపికైన ప్రతి పిల్లవాడికీ బడే జవాబుదారీ. ఎవరైనా మానేస్తే కారణం రాసి, పేరు మీద ఎర్రసిరా గీత కొట్టి, పక్కన తల్లి చేతో తండ్రి చేతో సంతకం చేయించాలి. తేలని పేరు ఒక్కటున్నా ఫైలు మొత్తం చెల్లదు. ఫైలు చెల్లకపోతే ఇండియా వెళ్లాక ఆ పిల్లల్ని అలాంటి తరగతిలో ఎవరూ చేర్చుకోరు.

యుద్ధం వస్తే ఏం చేయాలో మాత్రం ఆ మహానుభావులు ఎక్కడా రాయలేదు.

పది సంతకాలు బడిలోనే దొరికాయి. చాలా కుటుంబాలు అక్కడే తలదాచుకుంటున్నాయి. వాళ్ల మధ్యే క్రిస్టీనా రోజూ పొద్దున్నే బోర్డు ముందు నిలబడి పన్నెండు పేర్లూ పిలిచేది. పన్నెండు మందికీ హాజరు వేసేది. ఆరోన్ పేరు దగ్గర మాత్రం ఎవరో పలుకుతున్నట్టు తల వంచి వినేది. అది చూసి ఆడవాళ్లు పిల్లల్ని దగ్గరికి లాక్కునేవాళ్లు.

పదకొండోది దగ్గర్లోనే ఓ ఇంట్లో వంటమనిషిగా ఉన్న సుల్తాన్‌బీ కూతురిది.

"ఏలిముద్ర ఏస్తే ఒప్పుకుంటారామ్మా?"

"ఒప్పుకుంటారు."

సుల్తాన్‌బీ వేలు ఒత్తి, "ఇంకెవురిదన్నా మిగిలిందా?" అంది.

"ఒక్కటి."

సుల్తాన్‌బీ పుల్లయ్య వైపు చూసింది. పుల్లయ్య తల దించుకున్నాడు.

ఆ ఒక్కటీ ఆరోన్‌ది. వాడికి పదకొండేళ్లు. నాలుగంకెల గుణకారం కాగితం లేకుండా చేసేవాడు. వాడి ఎంపిక మీద కొందరు ఫిర్యాదు పెడితే, మళ్లీ పరీక్ష పెట్టి తీరాలని పట్టుబట్టింది క్రిస్టీనాయే. మూడుసార్లు పెట్టారు. మూడుసార్లూ వాడే ఫస్టు.

ఆగస్టులో ఒకరోజు రొట్టెల లైన్లో నిలబడ్డాడు. కాల్పులు జరిగాయి. పుల్లయ్యే వాణ్ణి మోసుకొచ్చాడు.

"ఈ ఒక్కటి వదిలేయండి టీచరమ్మా," అన్నాడు పుల్లయ్య నడుస్తూనే. "యే తల్లి పెడతాది ఆ సంతకం? నెలయింది, బిడ్డ పోయినాడన్న మాట ఇంతవరకూ ఆ నోట రాలా."

"రాకపోతే పదకొండు మంది చదువు పోతుంది."

"ఆ సంగతి ఆయమ్మకు గూడా తెలుసు."

"తెలిస్తే చాలదు పుల్లయ్యా. రాసివ్వాలి."

రిజిస్టరులో కారణాలు ముందే అచ్చువేసి ఉన్నాయి. బడి మారుట. ఊరు మారుట. అనారోగ్యం. క్రిస్టీనా వీధి మధ్యలో ఆగి ఆ మూడూ మళ్లీ మళ్లీ చదివింది. ఏదీ ఎంచుకోలేదు. పక్కన ఖాళీలో ఒక్క మాట రాసింది. తర్వాత ఆరోన్ పేరు మీద ఎర్రగీత కొట్టింది. గీత వంకరగా పోయింది. ఇన్నాళ్లూ ఎవరి ముందూ ఏడవని మనిషి, నడివీధిలో వెక్కి వెక్కి ఏడ్చింది. పుల్లయ్య అటు తిరిగి నిలబడ్డాడు.

బస్టాండు వెనక సందులో ఆరోన్ వాళ్ల బిల్డింగు. వాళ్లు చేరేసరికి నాలుగుకి పావుగంట ఉంది.

"నన్నూ రమ్మంటారా?" అడిగాడు పుల్లయ్య.

"వద్దు. ఇక్కడే ఉండు."

కరెంటు లేదు. లిఫ్టు తలుపు సగం తెరుచుకుని ఉండిపోయింది. మూడో అంతస్తు దాకా గోడ పట్టుకుని ఎక్కింది. పైన చిన్న చప్పుడు కూడా లేదు.

తలుపు తట్టకుండా, చేతిసంచిలోంచి తాళంచెవి తీసి తెరిచి, లోపల వాడి మంచం మీద కూర్చుని, తల్లి సంతకం పెట్టాల్సిన గడిలో క్రిస్టీనా తన పేరు రాసింది.