ఎడమ వైపు అద్దం

వీధి దీపాలు వెలిగే వేళకి బొమ్మ లారీ మళ్ళీ కదిలింది.

బల్ల మీద జానెడు ముందుకి వచ్చి ఆగింది. కాసేపటికి వెనక్కి వెళ్ళింది. అతను చేతిలో పట్టకారు అలాగే పట్టుకుని బిగుసుకుపోయాడు.

రోజూ ఆ వేళకే. పిల్లాడు ఆట చాలించి ఇంటికి చేరే వేళ.

దాన్ని నడిపే రిమోట్ ఈ ఇంట్లో లేదు. చివరిసారి అది వాడి చేతిలో ఉంది. వాడితోపాటే పోయిందనుకున్నాడు.

"చూశావా?" అన్నాడు భార్యతో.

"చూడకేం! కొత్త బ్యాటరీ వేసి రోజూ చార్జింగ్ పెడుతుంటే కదలక చస్తుందా?" అందామె. అన్నదే గానీ, వంటింటి గుమ్మం దాటి ఇవతలికి రాలేదు.

"లైట్లు వెలగాలంటే బ్యాటరీ ఉండాలి కదే."

"లైట్లెందుకు, నిచ్చెనెందుకు? ఇవన్నీ చేసిపెడితే వాడు తిరిగొస్తాడా? మీరు నిద్రపోరు, నన్ను పోనివ్వరు."

వాడు తిరిగి రాడని అతనికి తెలుసు. అసలు వెళ్ళనే లేదేమోనన్నదే అతని భయం.

వాడికి ఎనిమిదేళ్ళు. ఈ బొమ్మని వెంటేసుకుని వీధంతా తనదే అన్నట్టు తిరిగేవాడు. ఒకరోజు దాన్ని తెచ్చి సరిగ్గా అతని కాళ్ళ దగ్గర ఆపాడు. రిమోట్ చంకలో పెట్టుకుని పెద్దమనిషిలా నిలబడ్డాడు.

"దీనికేమీ లేవు. అసలు లారీకి ఉన్నవన్నీ కావాలి. నిచ్చెన, నీళ్ళ డబ్బా, తాడు, వెనకాల ఎర్ర లైట్లు, రెండు అద్దాలు."

"రెండెందుకురా? ఒకటి చాల్లే!" అని నవ్వాడతను. "తీరిక దొరకనీ, చేసిస్తా."

తీరిక దొరికేసరికి వాడు లేడు.

ఆ రోజు జనం మూగకముందే, వాడి పక్కన పడి ఉన్న బొమ్మని తీసి చొక్కాలో దాచేశాడు. దాని మీద ఒక్క గీత కూడా పడలేదు. ఎందుకు తీశాడో ఇప్పటికీ చెప్పలేడు.

తర్వాత అంతకుముందు చేసే పని మానేసి పాత ఇనుము కొట్టులో చేరాడు. పగలంతా సామాను విడదీసి కుప్పలు పోస్తాడు. పని అయ్యాక, కొట్టు వెనకాల తుప్పు పడుతున్న ఒక లారీ దగ్గరికి చేరతాడు. బొమ్మకి కావలసినవన్నీ దాన్నుంచే. ఇంకో తుక్కు ముట్టుకోడు.

వైపరు ఊచలు వంచి నిచ్చెన చేశాడు. ఆయిల్ డబ్బా రేకు కత్తిరించి నీళ్ళ డబ్బా చేశాడు. సీటు కుట్టు విప్పి, ఆ దారాలు పేని తాడు చేశాడు. పగిలిన వెనక లైటు ముక్కల్ని అరగదీసి గింజంత ఎర్ర దీపాలు చేశాడు. అసలుది మూరెడుంటే ఇక్కడ రెండు వేళ్ళ వెడల్పు ఉండాలి. కొలత తప్పిందా, పారేసి మళ్ళీ మొదలు.

"ఇంత సామాను ఉండగా ఆ దిక్కుమాలిన లారీ మీదే పడతావేంటయ్యా? దాన్లో లంకెబిందెలేమైనా ఉన్నాయా?" అని కొట్టు యజమాని ఆటపట్టిస్తాడు.

అతను తల ఎత్తకుండా మరలు విప్పుకుంటాడు. ఇంటికి మాత్రం దొడ్డిదారినే వస్తాడు. వీధిలో ఎవరి మొహమూ చూడలేడు.

అన్నీ అమిరాయి. ఎడమ వైపు అద్దం ఒక్కటే మిగిలింది. కొట్టులోని లారీకి ఆ వైపు ఉత్త ఊచే ఉంది, అద్దం లేదు. చివరికి తను గడ్డం గీసుకునే అద్దాన్నే బద్దలు కొట్టాడు. ఒక ముక్కని గోరంత చేసేలోపు వేళ్ళు తెగాయి. అరగదీస్తూ అరగదీస్తూ వెలుగుకి ఎత్తి చూస్తే, అందులో తన భుజం వెనకాల చిన్న తల ఒకటి కనిపించినట్టయింది. తిరిగి చూస్తే ఎవరూ లేరు.

ఇది అతికిస్తే వాడు అడిగినవన్నీ ఇచ్చినట్టే. అప్పుడైనా వాడు ఊరుకోవాలి. లేకపోతే తనకి పిచ్చెక్కడం ఖాయమని అతనికి అర్థమైపోయింది.

మర్నాడు సాయంత్రానికి జిగురు ఆరింది. లారీని వాకిట్లో పెట్టాడు.

"ఇదిగోరా, రెండోది కూడా," అన్నాడు.

వీధి దీపాలు వెలిగాయి. లారీ గుయ్యిమంటూ ముందుకి కదిలింది. ఈసారి ఆగలేదు.

"ఏవండీ, పోతోంది! పట్టుకోండి!" భార్య కేకేసింది.

అతను పట్టుకోలేదు. చెప్పులైనా వేసుకోకుండా దాని వెనకే నడిచాడు. ఆ వాకిలి దాటి వీధిలోకి దిగి ఎన్నాళ్ళయిందో! లారీ గోడని రాసుకుంటూ, ఆగుతూ, మళ్ళీ కదులుతూ వీధి చివరి ఇంటి దాకా వెళ్ళింది. అక్కడ మెట్టుకి గుద్దుకుని నిలబడిపోయింది.

మెట్ల మీద ఒకామె కళ్ళు మూసుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో రిమోట్. దాని మీద బొటనవేలు మెల్లగా కదులుతోంది.

చప్పుడుకి కళ్ళు తెరిచింది. లారీని చూసింది. తర్వాత అతన్ని చూసింది.

ఆమె లారీని ఒళ్ళోకి తీసుకుంది. నిచ్చెన తడిమింది. తాడుని వేలికి చుట్టి వదిలింది. ఎర్ర దీపాలని కాసేపు చూసింది. చివరికి ఆమె వేలు ఎడమ వైపు అద్దం దగ్గర ఆగింది. దాన్ని నెమ్మదిగా తన మొహం వైపు తిప్పుకుంది.

"ఆ రోజు ఈ అద్దం నీ లారీకి ఉండుంటే, వెనక్కి తీసేటప్పుడు నా కొడుకు నీకు కనిపించేవాడు కదన్నయ్యా!"