ఒకే దుంగ, మూడు సుత్తులు

“నవ్వులు ఆపుతారా లేదా?” లోసేలి చెక్కసుత్తిని ఠపీమని దుంగ మీద పెట్టింది.

శనివారం కూతురి పెళ్లి. పెళ్లికూతురి కింద పరిచే బెరడుగుడ్డ, తడి చెట్టుబెరడును సుత్తులతో కొట్టి సాగదీసేది, ఇంకా సగం కూడా సాగలేదు. అది లేకుండా పెళ్లి చేస్తే టోంగా దీవులన్నీ ముక్కున వేలేసుకుంటాయి. సాయానికొచ్చిన వదిన వాసితి, పొరుగింటి మెలే మాత్రం లోసేలి పందులదొడ్లో జారిపడ్డ సంగతి చెప్పుకుని పొద్దుటినుంచీ పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు.

“పని పెట్టుకుని ఈ ఇకఇకలేంటి వదినా?”

“సరే తల్లీ, ఇంక నోరెత్తం,” అంది వాసితి.

ఎత్తలేదు. సుత్తుల చప్పుడు ఒక్కటే మిగిలింది. అదీ కాసేపటికి గతి తప్పింది. రెండు సుత్తులు ఢీకొని, తడి బెరడు జానెడు చిరిగింది.

“చూసి కొట్టొద్దూ మెలే!”

“ఏం చూడనక్కా? వాసితక్క ఆ పంది కబురు చెబుతుంటే ఆ ఊపులో చెయ్యి దానంతటదే పడేది. ఇప్పుడు ఎప్పుడు ఎత్తాలో తెలీట్లేదు.”

తిట్టబోయిన లోసేలి, పొద్దుటినుంచీ నవ్వుల మధ్య సాగిన గుడ్డకేసి చూసింది. అంతమేరా ఎక్కడా సూదిబెజ్జమంత కంత కూడా లేదు.

చిరుగు మీద బెరడు ముక్క అతికి, మొహం గంటు పెట్టుకునే అడిగింది.

“ఎంతవరకు చెప్పావు వదినా?”

“లేవబోయి రెండోసారి పడ్డావు, అక్కడిదాకా.”

“రెండోసారి నేను పడలేదు, ఆ ముసలి పంది పడేసింది. చెప్పేదేదో సరిగ్గా చెప్పు. శనివారం పెళ్లి!” అంటూ లోసేలి సుత్తి ఎత్తింది.