కె. యలమంద గారి ఇరవై ఏడు పేపర్లు

కంప్యూటర్ అడిగిన ప్రశ్నకి డాక్టర్ కాకుమాను యలమంద 'అవును' అని నొక్కేశాడు. ఆయన చేసిన నేరమల్లా ఆ ఒక్క నొక్కే.

ఎవరెన్ని పేపర్లు రాశారో లెక్కగట్టే వెబ్‌సైటు వేసిన ఆ ప్రశ్న ఏమిటంటే, కె. యలమంద పేరుతో మిరప కణాల మీద ఇరవై ఏడు పరిశోధన పేపర్లు దొరికాయి, అవి మీవేనా అని.

ఆయనవి కావు. చిలకలూరిపేట రోడ్డులో ఉన్న ఒక ప్రైవేటు యూనివర్సిటీలో ఆయన పద్దెనిమిదేళ్లుగా కణశాస్త్రం చెబుతున్నాడు. ఇన్నేళ్లలో పత్తి మీద ఐదు పేపర్లు రాశాడు. పత్తిలో ఒక్కో పోగూ ఒకే ఒక్క కణమని ఆయన చెబితే క్లాసులో పిల్లలు ఆశ్చర్యపోయేవారు. బయట మాత్రం ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఒక పేపర్ని మిగతా శాస్త్రవేత్తలు తమ రాతల్లో ఎన్నిసార్లు పేర్కొంటే దానికి అన్ని సైటేషన్లు వచ్చినట్టు. యలమందకి వచ్చినవి పదకొండు. వాటిలో ఎనిమిది ఆయన తన పేపర్లో తన పేరే రాసుకున్నవి. రెండు, పొన్నూరులో బోటనీ చెప్పే ఆయన భార్య శ్రీరమ్య మొహమాటానికి రాసినవి. మిగిలిన ఒక్కటి ఎవరు రాశారో, ఎందుకు రాశారో ఇంతవరకూ తెలీదు.

'అవును' నొక్కాక ఆ పదకొండు కాస్తా నాలుగు వేల మూడు వందలైంది.

యూనివర్సిటీలో కొత్తగా మిరప పరిశోధన కేంద్రం పెడుతున్నారు. డైరెక్టర్ పదవికి అప్పటిదాకా ఒక్క పేరే వినబడుతూ ఉండేది, డాక్టర్ నసీమున్నీసా. ఆవిడ ప్రకాశం జిల్లా పొలాలన్నీ తిరిగి, ఆకుముడత తెగులు సోకిన మిరపాకుల్లో కణాలు ఎలా చస్తాయో ఆరేళ్లపాటు చూసిన మనిషి. సైటేషన్లు నూట అరవై. ఇప్పుడు వైస్ చాన్సలర్ గారు నాలుగు వేల మూడు వందలు చూసి కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు. వారం తిరక్కుండా గేటు దగ్గర యలమంద ఫ్లెక్సీ లేచింది. అందులో ఆయన ఒక చేత్తో మైక్రోస్కోపూ ఇంకో చేత్తో ఎండు మిరపకాయల దండా పట్టుకుని నవ్వుతున్నాడు.

నసీమున్నీసాకి నమ్మకం కుదర్లేదు. క్యాంటీన్లో ఎదురుపడినప్పుడు మెల్లగా అడిగింది.

"సార్, మీరు మిరప మీద ఎప్పుడు పని చేశారండీ? ల్యాబులో ఎప్పుడూ చూళ్లేదే."

"సెలవుల్లోనమ్మా," అన్నాడు యలమంద.

ఇరవై ఏడు పేపర్లకి ఎన్ని సెలవులు కావాలో ఆవిడ మనసులో లెక్క వేసుకుంది. ఆ సాయంత్రమే పేపర్ల మీదున్న చిరునామాకి ఒక ఉత్తరం మెయిల్ చేసింది. మా దగ్గర ఒక కె. యలమంద గారు ఈ పేపర్లన్నీ తనవేనంటున్నారు, కాస్త నిజం చెప్పగలరా అని.

మూడో రోజు పొద్దున్నే వైస్ చాన్సలర్ గదిలోంచి యలమందకి పిలుపొచ్చింది. లోపల నసీమున్నీసా కూర్చుని ఉంది. ఆవిడ పక్కన సన్నగా, కళ్లజోడు పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన, ఒళ్లో స్వీట్ల డబ్బాతో. ఆయన లేచి నమస్కారం పెట్టాడు. తనది అద్దంకి అనీ, బెంగళూరులో కణశాస్త్రం ప్రొఫెసర్ననీ, పేరు కంచర్ల యలమంద అనీ చెప్పాడు.

కాకుమాను యలమంద ఎదురుగా ఉన్న కుర్చీని పట్టుకుని నిలబడ్డాడు. శ్రీరమ్యకి ఏం చెప్పాలి, గేటు దగ్గర ఫ్లెక్సీ ఎవరు దింపుతారు అని ఆలోచనలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

వైస్ చాన్సలర్ గారు నేరుగానే అడిగారు, పేపర్లు మీ ఇద్దరిలో ఎవరివని.

బెంగళూరు ఆయన క్షణం కూడా తడబడలేదు.

"ఈ సార్‌వేనండి. నాకూ వాటికీ ఏ సంబంధమూ లేదు."

మరి వాటి మీదున్న చిరునామా మీదే కదండీ అంది నసీమున్నీసా. యలమంద తన చెవుల్ని తానే నమ్మలేకపోయాడు.

పేర్లు ఒకటే కావడంతో పత్రికల వాళ్లు పొరపాటున తన చిరునామా వేసేశారని, అందరూ తననే ఆ యలమంద అని పొరబడుతున్నారని, ఆ కీర్తి మోయడం తన వల్ల కావడం లేదని పెద్దమనిషి బాధపడ్డాడు. అందుకే ఒక చిన్న కాగితం రాసి తెచ్చుకున్నానన్నాడు. ఈ ఇరవై ఏడు పేపర్లలో ప్రతి ప్రయోగమూ, ప్రతి ఫొటో, ప్రతి అంకె కాకుమాను యలమంద గారు సొంతంగా, ఎవరి సాయమూ లేకుండా తయారు చేసినవే అని అందులో ఉంది. యలమంద చదవకుండానే సంతకం పెట్టాడు. వైస్ చాన్సలర్ గారు సాక్షి సంతకం పెట్టి, పనిలో పనిగా డైరెక్టర్ ఆర్డర్ కాగితం మీద కూడా సంతకం చేసేశారు. నసీమున్నీసా లేచి, అనుమానించినందుకు ఏమీ అనుకోవద్దని చెప్పి తలొంచుకుని వెళ్లిపోయింది.

బెంగళూరు ఆయన యలమంద నోట్లో స్వయంగా ఒక స్వీటు పెట్టాడు. పెట్టినాయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

అంత మంచితనం యలమంద ఎక్కడా చూడలేదు. కారు దాకా సాగనంపుతూ, ఎవరూ లేకుండా చూసి, ఆయన చెయ్యి పట్టుకున్నాడు. మీరెందుకింత త్యాగం చేశారండీ అని గొంతు తగ్గించి అడిగాడు.

పెద్దమనిషి కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో భద్రంగా దాచుకుని, కారెక్కి, అద్దం దించాడు.

"ఆ ఇరవై ఏడూ, ప్రయోగాలు చెయ్యకుండా అల్లిన దొంగ పేపర్లని, వాటి పేరుతో ప్రభుత్వం సొమ్ము తిన్నానని ఏడాదిగా పోలీసులు నన్ను తిప్పుతున్నారండీ, అవి నావి కావు, ఇంకో యలమందవి అని ఎంత మొత్తుకున్నా నమ్మలేదు, ఇన్నాళ్లకి మీరు దొరికారు."