హంసల అంచుకు రెండో విండోస్

"కాకా, దీనికి రెండు దార్లు ఉన్నయి," అన్నాను గోవిందు కాకాతో.

అదే నేను చేసిన మొదటి తప్పు. ఒకే దారి చెప్పి ఉంటే ఆ పెద్దమనిషి మూడు రోజులు నా దుకాణం చుట్టూ తిరిగేవాడు కాదు.

గద్వాలలో నాది కంప్యూటర్ల దుకాణం. 'జాఫర్ కంప్యూటర్స్, సమస్య ఏదైనా పరిష్కారం ఖాయం' అని బోర్డు రాయించుకున్నాను. రాస్తున్నప్పుడు పెయింటర్ నవ్వాడు. అప్పుడే అనుమానించాల్సింది.

గోవిందు కాకాకు చీరల మగ్గం ఉంది. అంచు బొమ్మలు కంప్యూటర్లో గీసి, వాటిని బట్టి మగ్గానికి చిల్లుల అట్టలు కొట్టిస్తాడు. ఆ గీసే సాఫ్ట్‌వేర్ పాత విండోస్ మీద తప్ప నడవదు. నెల కింద నేను ఆయనకు అమ్మిన లాప్‌టాప్‌లో ఉన్నదేమో కొత్త విండోస్.

"వనపర్తి సేటు ఆరు చీరలు చెప్పిండు. హంసల అంచే గావాలంట. శనివారం వచ్చి బొమ్మ చూస్తడు. చూపియ్యకపోతే ఇంకొకనికి ఇస్తడు," అన్నాడు కాకా. "మగ్గం ఖాళీగ ఉంది జాఫర్. నా పాత కంప్యూటర్ల మంచిగ నడుస్తుండె."

"పాతదాన్ని మర్చిపో కాకా. జమానా మారింది," అన్నాను, జమానాను నేనే మార్చినట్టు.

రెండు దార్లూ వివరించాను. డ్యూయల్ బూట్ అంటే ఒకే లాప్‌టాప్‌లో రెండు విండోస్‌లు. ఆన్ చేయగానే ఏది కావాలని అడుగుతుంది. ఒకటి లేస్తే రెండోది పడుకుంటుంది. వర్చువల్ మెషీన్ అంటే కొత్త విండోస్ కడుపులోనే పాతది నడుస్తుంది. మొదటిదాంట్లో డిస్కులో ఉన్నదంతా పోయే ప్రమాదం. రెండోదాంట్లో లాప్‌టాప్ నత్తనడక నడిచే ప్రమాదం.

కాకా శ్రద్ధగా విన్నాడు.

"మా చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. రెండు వేరే వేరే. అయినా జోడిస్తం గద. గట్ల చేయరాదు?"

"గదే కాకా డ్యూయల్ బూట్ అంటే," అన్నాను. అదో కాదో నాకూ తెలియదు. తెలియదని చెప్పడం మాత్రం నాకు చేతకాదు.

బుధవారమంతా దుకాణంలోని కంప్యూటర్ ముందు కూర్చుని చదివాను. డ్యూయల్ బూటే మేలని ఒకాయన రాశాడు. కింద ఇరవై మంది ఆయన్ను తిట్టారు. ఆ తిట్లు బాగుండటంతో సాయంత్రమైంది.

గురువారం డ్యూయల్ బూట్ మొదలుపెట్టాను. కొత్త లాప్‌టాప్ పాత విండోస్‌ను గడప తొక్కనివ్వలేదు. మళ్లీ కంప్యూటర్ ముందు కూర్చుని, ఎందుకు తొక్కనివ్వదో చదివాను. అర్థమైనట్టు తల ఊపాను. చూసేవాళ్లు ఎవరూ లేరు.

శుక్రవారం వర్చువల్ మెషీన్. పాత విండోస్ లేచింది! సాఫ్ట్‌వేర్ కూడా ఎక్కింది. కాకా పెన్‌డ్రైవ్‌లోని బొమ్మ తెరిస్తే హంస మెడ దాకా వచ్చింది. అక్కడే ఆగింది. లాప్‌టాప్ పెనంలా కాలి ఆరిపోయింది.

కాకా బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది. నాకు నిజంగానే సిగ్గేసింది.

సాయంత్రం ఆయన భార్య కిష్టమ్మ వచ్చింది.

"అయిందా బిడ్డా? రేపే శనివారం. గీ ఆర్డర్ పోతే దసరా దాక మగ్గం మీద పని లేదు మాకు."

"అయితది చిన్నమ్మా. పరేషాన్ గాకు. రెండు దార్లు ఉన్నయి..." అంటూ కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పి, మూడు రోజులుగా చదివిందంతా చూపించబోయాను.

ఆమె తెర వైపు చూడలేదు. బల్ల కిందికి వంగింది. అక్కడున్న కంప్యూటర్ డబ్బాను రెండు చేతులతో పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"గిదేంది జాఫర్?"

ఇన్నాళ్లూ గోడవైపు ఉన్న ఆ పక్క మీద, పోయిన దసరాకు ఆమె చేత్తో పెట్టిన కుంకుమబొట్టు అలాగే ఉంది, ఎందుకంటే మూడు రోజులుగా నేను ముందు కూర్చుని చదువుతున్న ఆ కంప్యూటర్, లాప్‌టాప్ అమ్మిన రోజు ఎక్స్ఛేంజ్‌లో తీసుకుని, దుమ్ము తుడవడానికి కూడా బద్ధకించి వాడుకుంటున్న, పాత విండోస్‌తో, బొమ్మల సాఫ్ట్‌వేర్‌తో, హంసలతో సహా గోవిందు కాకా ఇచ్చిన పాతదే.