మేనమామ పోలిక

గుమ్మంలో ఎవరో ముసలాయన నిలబడి ఉన్నాడు. చేతిలో గుడ్డసంచి, అందులోంచి తాటితాండ్ర వాసన.

తాండ్రంటే దొరబాబుకి చిన్నప్పట్నుంచీ ప్రాణం. ఆ పూట మాత్రం అతనికి ఏదీ రుచించేలా లేదు.

పోర్టులో క్రేన్ నడుపుతాడు దొరబాబు. డిగ్రీ చదివే ఒక్కగానొక్క కొడుకు గోపి, తన మనసు ఆడపిల్లల మీదకి పోదనీ, మగవాళ్ల మీదకే పోతుందనీ నిన్న రాత్రి ఉన్నమాట చెప్పేశాడు. అప్పట్నుంచీ ఇంట్లో ఒకటే గోల, ఇది ఎవరి రక్తమని.

"మేనమామ పోలికంటారు. మీ అన్న పెళ్లి మానేసి కూకున్నాడు కదేటి. అక్కణ్నించే వచ్చింది," అని భార్య నాగశ్రీని కాల్చుకు తింటున్నాడు.

"సైంటిస్టులకే ఇంకా తేల్లేదు నాన్నా. పుట్టుకలో కొంత ఉందంటన్నారు, ఒక్క జీన్ వల్ల మాత్రం కాదంట. ఎవరి పోలికైతే ఏటి, నాను నీ కొడుకునే కదా," అన్నాడు గోపి.

"నా మేనమామ నాను పుట్టకముందే పోయాడు. నాకు మా అయ్య పోలికొచ్చింది, మగాడిలా బతుకుతన్నాను. సాయంత్రానికి నువ్వు ఇంట్లో ఉండకూడదు."

ఆ మాట విని దొరబాబు తల్లి జోగమ్మ చెప్పులేసుకుని ఎటో వెళ్లింది. మధ్యాహ్నమైనా రాలేదు. ఈ ముసలాయన వచ్చాడు.

"ఎవరు కావాలి?"

"గోపి బాబుతో ఒక్క మాట సెప్పి ఎల్లిపోతాను."

"ఆడు నీకెలా తెలుసు?"

"తెలీదు. ఆడి కట్టం తెలుసు. నానూ అలాటోణ్నే బాబూ."

దొరబాబుకి ఒళ్లు మండిపోయింది. కొడుకుని చెడగొట్టింది ఇలాంటివాళ్లే అనుకున్నాడు. మెడ పట్టుకుని వీధిలోకి గెంటేశాడు. సంచి జారి తాండ్ర మట్టిలో పడింది.

ముసలాయన తూలి నిలదొక్కుకున్నాడు. పంచె దులుపుకున్నాడు.

"ఆ కుర్రాడిని మాత్రం గెంటీకు బాబూ. గెంటేత్తే ఎలాగుంటాదో నాకు తెలుసు," అని మెల్లగా వెళ్లిపోయాడు.

కాసేపటికి జోగమ్మ వచ్చింది. తాండ్ర చూసి అక్కడే కూలబడి, ముక్కలు ఏరి కొంగులో వేసుకోసాగింది.

"ఎవడో ముసలోడు తెచ్చాడు. మట్టంటింది, పారీయే అమ్మా."

"నానే పంపాన్రా. నా నోటితో సెప్పే దైర్నం లేక సందు సివర నిలబడ్డాను. తగరపువలస సంతలో కొన్నానని ఇన్నేళ్లూ నీకెట్టిన తాండ్ర, ఆడు సేసి తెచ్చిచ్చిందే."

అప్పుడే గోపి బ్యాగు భుజాన వేసుకుని బయటికొచ్చాడు. జోగమ్మ మనవడి చెయ్యి పట్టుకుని కొడుకు వైపు తిరిగింది.

"మీ అయ్య సెప్పమన్నట్టే ఒకడు సచ్చిపోయాడని సెప్పాను. ఈడు కూడా సచ్చిపోయాడని సెప్పమంటావేట్రా?"

గుమ్మంలోంచి నాగశ్రీ తననే చూస్తోంది. నిన్నట్నుంచీ ఆమెని అన్న మాటలన్నీ గుర్తొచ్చి దొరబాబు సిగ్గుతో తలెత్తలేకపోయాడు. కొడుకు భుజం మీది బ్యాగు తీసి లోపల పెట్టి, సందు చివరికి పరుగెత్తాడు.

ముసలాయన ఎక్కిన బస్సు అప్పటికే వెళ్లిపోయింది.

తిరిగొచ్చేసరికి జోగమ్మ అరుగు మీద కూర్చుని మనవడికి చెబుతోంది.

"ఆడు నా తమ్ముడు ఎల్లారావు. మీ నాన్నకి పుట్టెంటికలు తీయించింది ఆ మేనమామ ఒళ్లోనేరా."